డేవిడ్ డేవీస్, డి. ఏ. థామస్: చట్టసభకు వెళ్లిన గని యజమానుల్లో ఎవరు మేలు?

దక్షిణ వేల్స్ బొగ్గుతో సంపన్నులై బ్రిటిష్ పార్లమెంటుకు వెళ్లినవారిలో డేవిడ్ డేవీస్ (1818–1890), డి. ఏ. థామస్ (1856–1918) ముఖ్యులు. ఇద్దరూ లిబరల్ పార్టీ తరఫున గెలిచినవారే. యజమానిగా ఎవరు మేలు, ప్రజాప్రతినిధిగా ఎవరు మేలు అన్న ప్రశ్నలను విడివిడిగా వేసుకుంటేనే ఈ పోలికలో న్యాయం ఉంటుంది.

డేవీస్ చిన్ననాడే బడి మాని రంపం పట్టాడు. రైలు మార్గాల కాంట్రాక్టులతో ఎదిగి, 1864లో రోండా లోయలో గనులు కౌలుకు తీసుకున్నాడు. ఏడాదికి పైగా తవ్వించినా మంచి బొగ్గు తగల్లేదు, పెట్టుబడి కరిగిపోయింది. చివరి కూలి పంచిన రోజున తన దగ్గర అరక్రౌను నాణెం ఒక్కటే మిగిలిందని చెబితే, అదీ ఇచ్చేయమని ఒకడు అరిచాడనీ, డేవీస్ దాన్ని వారి మధ్యకు విసిరేశాడనీ, వాళ్లు ఇంకో వారం కూలి లేకుండా తవ్వడానికి ఒప్పుకున్నారనీ చెబుతారు. 1866 మార్చిలో బొగ్గు పడింది. ఈ కథకు కొంత మెరుగు దిద్ది ఉండవచ్చు గాని, కూలీల నష్టం, యజమాని నష్టం ఒకటే అయిన కాలం అది.

1874 నుంచి 1886 వరకు పార్లమెంటులో ఉన్న డేవీస్, ఆ కాలంలో తన శక్తిని ఎక్కువగా ధారపోసింది బారీ రేవు కోసమే. కార్డిఫ్ రేవులో రద్దీ భరించలేక గని యజమానులు సొంత రేవు కోరారు. 1884లో చట్టం వచ్చింది, 1889లో రేవు తెరుచుకుంది. గొప్ప నిర్మాణమే, కాని అన్నిటికన్నా ముందు అది బొగ్గు వ్యాపారుల అవసరం. ఐర్లండ్ స్వపరిపాలన విషయంలో తన పార్టీ నాయకుడు గ్లాడ్‌స్టన్‌ను ఎదిరించి, 1886లో 9 ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

థామస్‌కు గనులు తండ్రి నుంచి వచ్చాయి, చదువు కేంబ్రిడ్జిలో సాగింది. 1888లో దక్షిణ వేల్స్‌లోని మెర్థిర్ నియోజకవర్గం నుంచి గెలిచాడు. నాడు కూలి రేటు బొగ్గు ధరతో ముడిపడి ఉండేది కనుక, యజమానులు పోటీపడి ధర తగ్గిస్తే కార్మికుడి కూలికే కోత పడేది. ఆ పోటీని కట్టడి చేసే పథకాన్ని ఆయన 1896లో ప్రతిపాదించినా తోటి యజమానులు కలిసిరాలేదు. 1900లో, ఇద్దరు సభ్యులను ఎన్నుకునే అదే నియోజకవర్గపు రెండో సీటుకు, తోటి లిబరల్‌ను కాదని కార్మిక నాయకుడు కీర్ హార్డీ వైపు మొగ్గాడు.

అదే థామస్ నడిపిన కేంబ్రియన్ కంపెనీ, 1910లో ఈలీ గనిలో కొత్తగా తెరిచిన, రాయి కలిసిన బొగ్గు పొరలో తవ్వకానికి కార్మికులు టన్నుకు 2 షిల్లింగుల 6 పెన్నీలు అడిగితే ఒప్పుకోలేదు. ఆ పొరలో పని చేసినవారు కొద్దిమందే అయినా గని మొత్తానికి లాకౌట్ ప్రకటించింది. సమ్మె, పక్కనే ఉన్న టోనీపాండీ పట్టణంలో అల్లర్లు, నెలల తరబడి ఆకలి వెంట వచ్చాయి. ఇక్కడ థామస్‌ను సమర్థించడం నాకు సాధ్యం కాదు. యజమానిగా డేవీస్‌కే నా ఓటు.

ప్రతినిధిగా మాత్రం థామస్‌దే పైచేయి. 1917లో ఆహార నియంత్రణాధికారిగా నియమితుడై, యుద్ధకాలపు కొరతలో చక్కెరకు, మాంసానికి, వెన్నకు రేషన్ పెట్టి, డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకే కొలత వర్తింపజేశాడు. డేవీస్ రాజకీయ జీవితంలో దీనికి సాటివచ్చే పని నాకు కనిపించదు.