రేడియేషన్ ఆపే చిప్ అని కొనకండి, నేను ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను

పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు కలగక, కారణం జేబులో ఫోనేనేమో అని భయపడుతున్న అన్నదమ్ములు ఎవరైనా ఉంటే దయచేసి ఇది చదవండి.

నాది ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పని. ఏ లారీ ఎక్కడుంది, లోడు దిగిందా లేదా అని పొద్దున్నించి రాత్రి దాకా ఫోన్ చేస్తూనే ఉంటాను. చేతిలో లేకపోతే ఫోన్ ప్యాంటు ఎడమ జేబులోనే. కిందటేడు వీర్య పరీక్ష చేయిస్తే వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకు 9 మిలియన్లు వచ్చింది. పక్క గడిలో కనీసం 16 ఉండాలని రాసి ఉంది. ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో వెతికాను. మర్నాటి నుంచి ఎక్కడ చూసినా అదే ప్రకటన: ఫోన్ వెనక అంటిస్తే రేడియేషన్‌ను 99 శాతం ఆపే చిప్.

1,499 రూపాయలు పెట్టి కొన్నాను. తర్వాత వాళ్లే ఫోన్ చేసి, వెండి దారంతో నేసిన లోదుస్తులు కూడా వేసుకుంటేనే పూర్తి రక్షణ అన్నారు. మూడు జతలకు 2,700. "కొత్త వీర్యకణాలు తయారవడానికి మూడు నెలలు పడుతుంది సార్, అప్పటిదాకా ఆసుపత్రుల చుట్టూ తిరగకండి" అన్నాడు. మూడు నెలల మాట నిజమే. అందుకే మిగతాదంతా నమ్మేశాను. మూడు నెలలకు మార్పు లేదంటే ఇంకో మూడు నెలలన్నాడు. అలా ఎనిమిది నెలలు గడిచిపోయాయి. ఆ నెలల్లోనే మా ఆవిడ గర్భనాళాల (ట్యూబుల) పరీక్ష చేయించుకుంది. నొప్పికి పళ్లు బిగపట్టుకుని బయటికొచ్చింది. ఆమెకు 33 ఏళ్లు. లోపం ఎవరిదో తెలిసి కూడా నేను స్టిక్కర్‌ని నమ్ముకుని కూర్చున్నాను. ఈ పోస్టు రాస్తున్నది పోయిన డబ్బు గురించి కాదు.

చివరికి యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను. నిలబెట్టి, ఊపిరి బిగపట్టి ముక్కమని, చేత్తో చూశారు. రెండు నిమిషాలు పట్టిందంతే. ఎడమవైపు వేరికోసీల్ అన్నారు, స్కాన్‌లోనూ అదే వచ్చింది. వృషణాల దగ్గర నరాలు ఉబ్బి రక్తం నిలిచిపోతుంది, వేడి పెరుగుతుంది. ఆ భాగం ఒంటి వేడి కంటే 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగా తయారవుతాయట. సంతానం కోసం వచ్చే మగవాళ్లలో నూటికి 35, 40 మందిలో కనిపించేది, చికిత్స ఉన్నది ఈ సమస్య.

ఆ చిప్‌ను రిపేరు షాపు తమ్ముడి చేత బ్లేడుతో విప్పించాను. పైన బంగారు రంగు అచ్చు, కింద నల్లటి రేకు, దాని కింద జిగురు. వైరు లేదు, ఏమీ లేదు. అసలు ఆలోచిస్తే, ఫోన్‌కి కాల్ వచ్చేదే ఆ తరంగాల వల్ల. 99 శాతం ఆపేస్తే నాలుగు గీతల సిగ్నల్ అలాగే ఎలా ఉంటుంది? అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా ఈ షీల్డులు పనిచేయవనే చెప్పింది. పైగా సిగ్నల్‌కు అడ్డం పడితే టవర్‌ను అందుకోవడానికి ఫోన్ ఇంకా ఎక్కువ శక్తి వాడి, ఎక్కువ రేడియేషన్ వదలొచ్చని హెచ్చరించింది. మెడలో వేసుకునే లాకెట్లయితే ఇంకా ఘోరం. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ అలాంటి 10 వస్తువులను పరీక్షిస్తే వాటిలోంచే హానికరమైన రేడియేషన్ వస్తోందని తేలింది.

మరి ఫోన్ వల్ల ఏమీ కాదా అంటే, అలా కూడా చెప్పలేం. నాకు చిప్ అమ్మినవాళ్లు పంపింది 2023లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ల అధ్యయనం. అది నిజమైనదే. స్విట్జర్లాండ్‌లో 18 నుంచి 22 ఏళ్ల యువకులు 2,886 మందిని చూశారు. రోజుకు 20 సార్ల కంటే ఎక్కువ వాడేవాళ్లలో వీర్యకణాల సాంద్రత, వారానికి ఒక్కసారి వాడేవాళ్ల కంటే 21 శాతం తక్కువ. వాళ్లు నాకు చెప్పింది ఇంతవరకే. కదలికలో, ఆకారంలో తేడా లేదని, జేబులో పెట్టుకోవడానికీ కౌంట్‌కీ సంబంధం కనబడలేదని, ఆ తేడా కూడా 2005-07 నాటి ఫోన్లతోనే ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతూ వచ్చిందని అందులోనే ఉంది. ఫోనే కారణమని రుజువైందని అందులో ఎక్కడా లేదు.

భయం పోకపోతే పైసా ఖర్చు లేని పనులున్నాయి. ఫోన్‌ను చొక్కా జేబులోనో బ్యాగులోనో పెట్టండి, స్పీకర్‌లో మాట్లాడండి, సిగ్నల్ లేనిచోట పొడుగ్గా మాట్లాడకండి. *#07# కొడితే మీ ఫోన్ ఎస్‌ఏఆర్ విలువ (ఫోన్ తరంగాల శక్తిని ఒళ్లు ఎంత పీల్చుకుంటుందో చెప్పే కొలత) వస్తుంది, మన దేశంలో అది కిలోకు 1.6 వాట్లు దాటకూడదు. నేనైతే ఫోన్‌ను టేబుల్ మీదే పెడుతున్నాను.

కానీ ముందు పరీక్ష చేయించుకోండి. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు, హస్తప్రయోగానికి దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి. ఒక్క రిపోర్టుతో తేల్చుకోకుండా రెండోసారి కూడా చేయించండి. సిగరెట్, గుట్కా, జిమ్‌లో ఇచ్చే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు ఏవైనా ఉంటే డాక్టర్ దగ్గర దాచొద్దు.

ఇప్పటికే కొన్నవాళ్లు ప్యాకెట్, బిల్లు, వాళ్ల మెసేజ్‌లు పారేయకండి. విప్పిన స్టిక్కర్ వెనక్కి తీసుకోం అని చెప్పారు నాకు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ప్రకటన స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోకపోవడం నేను చేసిన తప్పు. మీరు ఇప్పుడే తీసి పెట్టుకోండి.