చారిస్ ఎస్ఐఎల్ ఫాంట్: ‘ణ’ తోక సరిగ్గా కనిపిస్తుందా?

ఐపీఏ (భాషల ధ్వనులను రాసే అంతర్జాతీయ లిపి) గుర్తులు రాసేవారికి ఈ ఉచిత ఫాంట్ బాగా పనికొస్తుంది. అసలు పరీక్ష అనునాసికాల దగ్గరే. ‘ణ’ ధ్వని గుర్తుకు (ɳ) కుడికాలి తోక బయటికి తిరగాలి, ‘ఙ’కు (ŋ) అదే కాలి తోక లోపలికి, ‘ఞ’కు (ɲ) ఎడమకాలి తోక ఎడమకు. చిన్న సైజులోనూ ఇందులో మూడూ విడిగా తెలుస్తాయి.

వర్డ్‌లో 0273 కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ‘ణ’ గుర్తు వస్తుంది, 0272కి ‘ఞ’. ముందు రోమన్ ‘ఏ’ (a) ఉంటే అదీ కోడ్‌లో కలిసిపోయి ఇంకేదో పడుతుంది (‘పణి’ రాసేటప్పుడు జరిగేది ఇదే). అంకెలను మాత్రమే సెలెక్ట్ చేసి నొక్కండి. దంత్య ‘త’కైతే ముందు అక్షరం (t) కొట్టాలి, తర్వాతే దాని కింద వచ్చే గుర్తు.

డౌలోస్ అనే మరో ఐపీఏ ఫాంట్‌లో లేని బోల్డ్, ఇటాలిక్ ఇందులో ఉన్నాయి. తెలుగు లిపి మాత్రం లేదు, దానికి వేరే ఫాంట్ పెట్టుకోవాల్సిందే.