ఖంభాత్ అగేట్ రాళ్ల కొట్టు: గుండు కొనండి, నీలం పలక వద్దు

పోయిన నెల గుజరాత్ వెళ్లినప్పుడు ఖంభాత్‌లో ఒక రాళ్ల కొట్లో మూడు కొన్నాను, కోయని అగేట్ గుండు, ఎర్ర పూస, నీలం రంగు పలక. హైదరాబాద్‌లో ఉంగరాలు అమ్మేవాళ్లు హకీక్ అనేది ఈ రాయినే.

గుండుకి పూర్తి మార్కులు. పైకి మట్టి రంగులో బంగాళదుంపలా ఉంది, అక్కడే కోయించుకుంటే లోపల తెలుపు, బూడిద చారలు, నడుమ చిన్న గుల్ల, అందులో మెరిసే స్ఫటికాలు! సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద పారిన లావా చల్లారుతుంటే అందులో చిక్కుకున్న గ్యాస్ బుడగ అది. తర్వాత ఎప్పుడో సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) కరిగిన నీళ్లు ఆ బుడగలోకి ఊరి, గోడ నుంచి లోపలికి పొర మీద పొర కట్టాయి, నిండకుండా మిగిలిందే ఆ గుల్ల. చుట్టూ లావా గట్టిపడి అయిన నల్లరాయి ఎండకీ వానకీ మట్టయిపోయినా ఇది అరగదు, గులకరాళ్లతో కలిసి ఏటి ఒడ్డుకి చేరుతుంది. రాతియుగం మనిషికి అక్కడే దొరికింది.

కోసే ముందు కొట్టాయన సుత్తితో అంచు మీద కొడితే ఒక పెచ్చు లేచింది, కాగితం పెడితే బ్లేడులా తెగింది. రేణువులు కంటికి కనపడనంత సన్నగా ఉంటాయి కాబట్టి ఇది గాజులా పగులుతుంది. మన దక్కన్‌లో మధ్య శిలాయుగం వాళ్లు ఇలాంటి చిన్న చిన్న పెచ్చుల్నే కర్రకో ఎముకకో బిగించి బాణాలు, కత్తులు చేసుకున్నారు. నేను ఎన్నో మ్యూజియాల్లో చూసినా అర్థం కానిది ఆ పెచ్చు పట్టుకున్నాక అర్థమైంది.

పూస కూడా బాగుంది. రాయిలోని ఇనుము కాల్చితే ఎర్రబడుతుంది, పక్కనే లోథల్‌లో హరప్పా వాళ్లు చేసిన పనే ఇది.

నీలం పలక మాత్రం తీసుకోవద్దు. నేచురల్ అన్నారు, గదికి వచ్చి వెలుతురులో చూస్తే రంగంతా పగుళ్లలో ముద్దగా ఉంది. అగేట్ రంగుని పీల్చుకుంటుంది, అద్దకం వేయడం తప్పేమీ కాదు, చెప్పకుండా అమ్మడం తప్పు.

ఇంకొకటి. ఆయన నీళ్లు పోయకుండా, ముక్కుకి గుడ్డ కూడా లేకుండా కోశాడు. ఈ దుమ్ముతోనే ఖంభాత్ పనివాళ్లకి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తోంది, ఈ కొట్టుకి ఒక స్టార్ తగ్గించింది దానికే. కోయించుకుంటే నీళ్లు పోసే మిషన్ మీదే కోయమనండి.

వికారాబాద్‌లో ఉన్న మా మేనల్లుడికి ఇంకో గుండు తేవాలి, వాళ్ల చేను కింద ఉన్నదీ ఈ లావానే.