రెండు పాదాల మంటా, ఒక్క కాలి లాగుడా?

సింహాచలం గిరి ప్రదక్షిణలో మా బాబాయి 32 కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా నడిచారు. ఇంటికొచ్చాక పిన్ని ఆయన కాళ్లు తుడుస్తుంటే అరికాల్లో గాజుపెంకు కనిపించింది. దిగినట్టు ఆయనకు తెలియనే లేదు.

షుగర్ నరాలను దెబ్బతీస్తే ఇలాగే ఉంటుంది. రెండు పాదాలకూ వేళ్ల దగ్గర తిమ్మిరి మొదలై, మేజోడు తొడిగినట్టు మెల్లగా పైకి పాకుతుంది. రాత్రిళ్లు మంట, చివరికి స్పర్శే పోతుంది. సయాటికా వేరు. నడుములో డిస్క్ నరాన్ని నొక్కితే, మామూలుగా ఒక కాలికే, పిరుదు నుంచి మోకాలి కిందదాకా కరెంటు కొట్టినట్టు లాగుతుంది. దగ్గినా తుమ్మినా ప్రాణం పోతుంది.

షుగర్ కాళ్లను డాక్టరు సన్నని నైలాన్ తీగ ఆనించి పరీక్షిస్తారు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్లుగా వాడేవాళ్లు విటమిన్ బీ12 పరీక్ష కూడా చేయించుకోవాలి. ప్రెగాబాలిన్ అనే నరాల నొప్పి మందు మంట తగ్గిస్తుంది గానీ పోయిన స్పర్శను తేలేదు. అందుకే షుగర్ అదుపు, రోజూ పడుకునేముందు అరికాళ్లు చూసుకోవడం ఈ మంట తగ్గించే మందు కంటే ముఖ్యమంటాను.

సయాటికా చాలామందికి కొన్ని వారాల్లో, మామూలుగా తిరుగుతూ ఉంటే తగ్గుతుంది. కానీ మూత్రం ఆగిపోయినా, పాదం పైకి లేవకపోయినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్లండి.