సోలింగెన్‌లో మంగలికత్తి కొన్న కథ

డ్యూసెల్‌డార్ఫ్‌లో ఆఫీసు పని శుక్రవారంతో తేలిపోయింది, తిరుగు ఫ్లైటు ఆదివారం రాత్రి. ఆ రెండు రోజులూ దగ్గర్లోనే, కత్తుల తయారీకి పేరుమోసిన సోలింగెన్ ఊళ్లో ఉంటానంటే మా ఆవిడ ఫోన్లోనే నవ్వింది: "గడ్డం గీసుకోవడానికి జర్మనీలో కత్తి కొనాలా?"

ఎస్1 లోకల్ ఎక్కితే నేరుగా సోలింగెన్ స్టేషన్లో దిగొచ్చు. ఎగ్జిబిషన్లు జరిగే రోజుల్లో డ్యూసెల్‌డార్ఫ్ హోటళ్ల రేట్లు భయపెడతాయి కాబట్టి స్టేషన్ దగ్గర ఓలిగ్స్ పేటలో చిన్న లాడ్జి తీసుకున్నాను. గది శుభ్రంగా ఉంది, పొద్దున వేడి బ్రెడ్డు పెట్టారు. ఆదివారం మాత్రం కౌంటర్లో మనిషి లేడు, తాళంచెవి డబ్బాలో పడేసి పొమ్మన్నారు. రైలు చప్పుడు వినిపిస్తుంది, నాకైతే నిద్ర పట్టింది.

ఆదివారం అక్కడ దుకాణాలు మూతే. అందుకని కొనేదేదో శనివారం పొద్దున్నే కొనేయాలి.

మొదటి షాపు అద్దాల షోకేసులతో మెరిసిపోతోంది. వెడల్పాటి రేకు, ముత్యపుచిప్ప పిడి ఉన్న కత్తి చూపించారు. "పదును పోతే ఎవరు పడతారు?" అంటే సరైన జవాబు రాలేదు. బయటికొచ్చేశాను.

రెండోది ఇరుకు కొట్టు. పెద్దాయన కత్తి చూపించక ముందే అడిగిన మాట: "తోలుపట్టీ ఉందా మీకు?" గీసుకునే ముందు కత్తిని రుద్ది అంచు సరిచేసుకునే పట్టీ అది. లేదన్నాను. "అయితే ముందు అది కొనండి, మిగిలిన డబ్బుకి కత్తి చూద్దాం." కొత్తవాళ్లకి ఐదు బై ఎనిమిది అంగుళాల వెడల్పు, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు, చాలన్నారు. అంతకంటే వెడల్పైతే ముక్కు కింద తిప్పడం కష్టం. కొస గుండ్రంగా ఉండాలి, చతురస్రపు మూల చెవి దగ్గర గీరేస్తుంది. స్టెయిన్‌లెస్ కాకుండా కార్బన్ స్టీలే తీసుకున్నాను. పదును పట్టడం తేలిక, కానీ తడి తుడవకపోతే తుప్పు పడుతుంది. మా తీర గాలిలో ఆ బాధ తప్పదు. రేకు మీద "సోలింగెన్" అని కొట్టాలంటే సరుకు ఆ ప్రాంతంలోనే తయారవ్వాలి, 1938 నుంచీ అక్కడ చట్టం.

రాత్రి లాడ్జిలో తోలుపట్టీని కిటికీ గొళ్లేనికి తగిలించి సాధన మొదలుపెట్టాను. కత్తి వీపు, అంటే పదును లేని మందపు వైపు, ముందు నడవాలి, అంచు వెనక రావాలి. తిప్పేటప్పుడు వీపు మీదే దొర్లించాలి. మూడోసారికే అంచు మీద తిప్పాను, కొత్త తోలు మీద అంగుళం గాటు!

ఆదివారం పైనున్న కరెంటు తీగలతో నడిచే ట్రాలీబస్సులో, సోలింగెన్‌లోనే ఉన్న గ్రాఫ్రాత్ అనే పాత పేటకి వెళ్లాను. పలకరాయి గోడలు, ఆకుపచ్చ కిటికీ తలుపులు. పాత సన్యాసినుల మఠంలో కత్తుల మ్యూజియం ఉంది. సోమవారం మూసేస్తారు. ఒక్క పూటే ఉంటే బుర్గ్ కోట కన్నా ఇదే చూడమంటాను.

కత్తిని చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గరే పోతుంది.

మా పేట సెలూన్లో ఇప్పుడు బ్లేడుని సగానికి విరిచి బిగించే కత్తులే, నూరడం తెలిసినవాళ్లు లేరు. నేనే రాయి కొని నేర్చుకుంటున్నాను. గీసుకునేటప్పుడు కత్తిని చర్మానికి సుమారు ముప్పై డిగ్రీల వాలులో పెట్టి రెండు చెంపలూ గీయగలుగుతున్నాను. గడ్డం కింద ఇంకా పాత రేజరే.