ఆపరేషన్ లేకుండా ఫిషర్ మానింది: డిల్టియాజెమ్, ఇసబ్గోల్, నీళ్ల టబ్బు గురించి నా సమీక్ష

2 శాతం డిల్టియాజెమ్ ఆయింట్‌మెంట్, ఇసబ్గోల్ పొట్టు, గోరువెచ్చని నీళ్ల టబ్బు. నా ఫిషర్ (మలద్వారం అంచున పడే చీలిక) మానింది ఈ మూడింటితోనే. మాని ఏడాది దాటింది, మళ్లీ రాలేదు. అయితే మూడింటికీ ఒకే మార్కులు వేయను.

ముందు ఆయింట్‌మెంట్. మోషన్ అయ్యేటప్పుడు కోసినట్టుండే నొప్పి చీలికది. ఆ తర్వాత గంటల తరబడి పీకే నొప్పికి కారణం మాత్రం మలద్వారం లోపలి కండరం బిగుసుకుపోవడం. ఆ బిగుతు వల్ల అక్కడికి రక్తం సరిగా అందదు, పుండు మానదు. మానని పుండు వల్ల కండరం మళ్లీ బిగుస్తుంది. డిల్టియాజెమ్ ఆ కండరాన్ని సడలిస్తుంది. లిగ్నోకైన్ జెల్ ఆ పని చేయదు, కాసేపు మంట తెలియనివ్వదు, అంతే. నైట్రోగ్లిజరిన్ ఆయింట్‌మెంట్ కూడా కండరాన్ని సడలించేదే కానీ దానితో తలనొప్పి ఎక్కువని డాక్టర్ నాకు దీన్ని రాశారు. కొద్దిగా దురద తప్ప నాకు ఇబ్బంది లేదు. ఉదయం, రాత్రి శనగగింజంత తీసుకుని అంచున, కాస్త లోపలికి రాయాలి. మొదట్లో పెద్దగా తేడా తెలియదు, ఓపిక పట్టాలి. నొప్పి తగ్గిందంటే పుండు మానినట్టు కాదు. 6 నుంచి 8 వారాల కోర్సు పూర్తిగా వాడమనేది అందుకే.

నా లెక్కలో ఫస్ట్ మార్కు మాత్రం ఇసబ్గోల్‌దే. ఆయింట్‌మెంట్ ఎప్పుడో ఆపేశాను, దీన్ని ఇప్పటికీ వదల్లేదు. గట్టి మోషన్ ఒక్కసారి అయినా చాలు, మానిన చోటే మళ్లీ చీలొచ్చు. మొదట్లో కడుపు ఉబ్బరం, గ్యాస్ ఉంటాయి కాబట్టి కొంచెంతో మొదలుపెట్టి పెంచాలి. నీళ్లు బాగా తాగకపోతే ఇదే మలబద్ధకం తెచ్చిపెడుతుంది. వేరే మాత్రలు వేసుకునేవాళ్లు మధ్యలో గంటా రెండు గంటలు ఎడం ఇవ్వాలి. రుచి సంగతి వదిలేయండి. కలిపిన వెంటనే తాగకపోతే గ్లాసులో జిగురే మిగులుతుంది.

నీళ్ల టబ్బు చౌకైన సుఖం. మోషన్ అయ్యాక 10, 15 నిమిషాలు కూర్చుంటే కండరం వదులై ప్రాణం లేచొస్తుంది. ఉప్పు, డెట్టాల్ లాంటివేమీ కలపక్కర్లేదు, డెట్టాల్‌తో మంట పెరుగుతుంది కూడా. మధ్యలో గుంట ఉన్న దిండు కొన్నాను, అది దండగ.

ఇక అలవాట్లు. టాయిలెట్‌లోకి ఫోన్ తీసుకెళ్లను. వచ్చిన మోషన్‌ని ఆపుకోను, రానిదాని కోసం ముక్కను. కమోడ్ ముందు చిన్న పీట వేసి కాళ్లు పెట్టుకుంటే పని తేలికవుతుంది. ఐరన్ మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు మలబద్ధకం చేస్తాయి. అవి వాడాల్సి వస్తే డాక్టర్‌కి ముందే చెప్తాను.

రక్తం పడగానే ఫిషరో, పైల్సో అని సొంతంగా తేల్చుకోకండి, ఒకసారి చూపించుకోండి. చీలిక సాధారణంగా వెనకవైపు మధ్యలో వస్తుంది. పక్కగా ఉంటే క్రోన్స్ (పేగుల్లో వాపు తెచ్చే జబ్బు), టీబీ లాంటివి ఉన్నాయేమో చూస్తారు. మందులకు లొంగకపోతే కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ ఉంది, అదీ కాకపోతే కండరాన్ని కొద్దిగా కోసే ఆపరేషన్ ఉంది. ఆపరేషన్ బాగానే పనిచేస్తుంది కానీ, గ్యాస్ ఆపుకోలేకపోయే రిస్క్ కొద్దిమందికి ఉంటుంది. అందుకే డాక్టర్లు ముందు ఆయింట్‌మెంట్‌తో మొదలుపెడతారు.