బీటీఎం లేఅవుట్‌లో సిగరెట్టు అమ్మని టీ కొట్టు

బెంగళూరులో తావరెకెరె మెయిన్ రోడ్డు నుంచి బీటీఎం లేఅవుట్ లోపలికి వెళ్లే అడ్డరోడ్లలో ఒకదాని మలుపు మీద ఉంది ఈ కొట్టు. బోర్డు మీద కన్నడంలో కాఫీ, టీ, తిండి అని రాసి ఉంటుంది తప్ప పేరు లేదు. నడిపేది కుప్పం నుంచి వచ్చిన భార్యాభర్తలు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ తడుముకోకుండా మాట్లాడతారు. చిన్న గది, ముందు రేకుల పంచ, పంచ కింద గోడ వెంట రెండు సిమెంటు బల్లలు, బయట కానుగ చెట్టు కింద ఇంకొక బల్ల. అంతే కొట్టు.

నేను దగ్గర్లోనే అబ్బాయిల పీజీ, అంటే డబ్బు కట్టి ఉండే వసతి గృహం, నడుపుతున్నాను. మాది కావలి. మా దగ్గర ఉండేవాళ్లలో కొందరు ఉద్యోగస్తులు, మిగిలినవాళ్లు పదహారు, పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు. కడప, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి వచ్చి, తెల్లవారుజామున మడివాళలో బస్సు దిగి, తల్లితోనో మేనమామతోనో పెట్టె మోసుకుంటూ మా గేటు దగ్గర నిలబడేవాళ్లు. పీయూసీ (మన ఇంటర్ లాంటిది), నీట్ కోచింగ్, డిగ్రీ మొదటి సంవత్సరం. ఆ పిల్లల్ని కంటికి రెప్పలా చూస్తానని ఆ తల్లులకు మాట ఇచ్చినదాన్ని కాబట్టి, కొట్టును కూడా ఆ కంటితోనే చూశాను.

ముందు టీ సంగతి. అల్లం ఎప్పటికప్పుడు దంచి వేస్తారు, ఏలకులు పండగ రోజుల్లో తప్ప వేయరు. పాలు చిక్కగా ఉంటాయి. చక్కెర మాత్రం ఎక్కువ, తక్కువ కావాలంటే ముందే చెప్పుకోవాలి. ధర 15 రూపాయలు. ఈ ఊరి పద్ధతి ప్రకారం బై టూ అడిగితే మొహం చిట్లించకుండా ఒకే టీని రెండు గ్లాసుల్లో పోసి ఇస్తారు. ఫిల్టర్ కాఫీ పొద్దున బాగుంటుంది. సాయంత్రానికి డికాషన్ పాతబడుతుంది, అప్పుడు టీ తాగడమే మేలు. తినడానికి నిప్పట్టు, కోడుబళె, బన్ను-వెన్న-జామ్, ఎగ్ పఫ్, గాజు సీసాలో కాంగ్రెస్ కడలెకాయి. తెలియనివాళ్లకు చెబుతున్నాను, ఆ చివరిది కారం, ఇంగువ, కరివేపాకు పట్టించిన వేరుశెనగ బద్దలు; ఇక్కడ ఆమె స్వయంగా వేయిస్తారు, అందుకే నూనె వాసన రాదు. సాయంత్రం ఐదున్నరకు మిరపకాయ బజ్జీ మొదలవుతుంది. రాత్రికి పులిహోర. పులిహోరలో చింతపండు పులుసు ఉడికించిన తీరు చూస్తే ఆమె చేతి వంట మన వైపుదని ఇట్టే తెలిసిపోతుంది.

ఇంతవరకు చెప్పినవి ఈ పేటలో ఇంకా నాలుగు చోట్ల దొరుకుతాయి. ఇక్కడ దొరకనిది సిగరెట్టు. దాని గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

బెంగళూరులో ఉండేవాళ్లకు టీ కొట్టు అంటే ఏమిటో తెలుసు. బేకరీ కానివ్వండి, కాండిమెంట్స్ దుకాణం కానివ్వండి, గల్లా పక్కనే అద్దాల పెట్టెలో సిగరెట్టు ప్యాకెట్లు, పైన పుదీనా బిళ్లల సీసా, స్తంభానికి తాడుతో వేలాడే లైటరు. ప్యాకెట్టు కొనాలంటే ఒకేసారి చాలా డబ్బు కావాలి, పదహారేళ్ల పిల్లవాడి జేబులో అంత ఉండదు. ఒక్కటి కావాలంటే టీ ఖరీదుకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. టీ తాగడానికి వచ్చినవాడు చిల్లర బదులు సిగరెట్టు తీసుకోవడం నేను కళ్లారా చూశాను. నోటి వాసన పోవడానికి బిళ్ల, ముట్టించడానికి లైటరు, అన్నీ చేతికి అందే ఎత్తులో అమర్చి ఉంటే పిల్లవాడు మొదలు పెట్టడానికి ఇక ధైర్యం కూడా అక్కర్లేదు. పైగా నొక్కితే పుదీనా రుచి వచ్చేవి ఒకటి వచ్చాయి. మెంథాల్ గొంతును చల్లబరిచి మంట తెలియనివ్వదు. మొదటి పీల్పుకు దగ్గు వచ్చి పారేసేవాడు కూడా దానితో రెండోది పీలుస్తాడు.

ఈ కొట్టులో కూడా ఒకప్పుడు అమ్మేవారు. మానేయించింది ఆమె. వాళ్ల అబ్బాయి హైస్కూల్లో చేరాక సాయంత్రాలు గల్లా వెనక కూర్చుని హోంవర్కు చేసుకునేవాడు. వచ్చినవాళ్లు వాడినే అడిగేవారు, వాడే పెట్టె తెరిచి ఒక్కొక్కటి తీసి ఇచ్చేవాడు. “వాడికి ఏ బ్రాండు ఎంతో ఎక్కాల కంటే బాగా వచ్చేసింది వదినా, నాకు వణుకు పుట్టింది” అన్నారు ఆమె నాతో. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల చేత పొగాకు అమ్మించకూడదని, వాళ్లు వాటిని ముట్టకూడదని చట్టంలోనే ఉంది. ఆమె చట్టం చదివి చేయలేదు. ఆ వారం తెచ్చిన సరుకు అయిపోగానే ఇక తేవద్దని భర్తకు చెప్పేశారు. స్తంభానికి లైటరు కట్టిన మేకు అలాగే ఉంది, ఇప్పుడు దానికి అరటిపళ్ల గెల వేలాడుతుంది.

వ్యాపారం దెబ్బ తినలేదా అని ఆమె భర్తను, నేను అన్న అని పిలిచే ఆయనను, అడిగాను. మొదటి నెలల్లో ఆఫీసుల నుంచి గుంపులుగా వచ్చేవాళ్లు ఎదురు వీధికి వెళ్లిపోయారట. సిగరెట్టు మీద మిగిలేది రూపాయో రెండో, దాని కోసం వచ్చినవాళ్లు తాగే టీ మీదే లాభం అని లెక్క చెప్పారు. ఆ లోటు పూడ్చడానికే బజ్జీ, పులిహోర మొదలుపెట్టారు. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి బల్ల మీద చోటు దొరకదు. స్కూటర్ ఆపి పిల్లల్ని దింపుకుని తినిపించే ఆడవాళ్లు కనిపిస్తారు. పొగ కమ్ముకున్న కొట్టు ముందు వాళ్లు ఎన్నడూ ఆగలేదు.

మా పీజీలో ఒక పిల్లవాడి సంగతి చెప్పాలి. రాయచోటి వైపు నుంచి వచ్చాడు, పదిహేడేళ్లు, నీట్ రెండోసారి రాయడానికి చదువుతున్నాడు. చొక్కా వాసన చూసి నేనే మెల్లగా కదిపాను. తిట్టలేదు, వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తానని బెదిరించలేదు. ఎందుకు నాన్నా అన్నాను. వాడు చెప్పింది ఇది: “గదిలో ముగ్గురం ఆంటీ. ఇంటికి ఫోన్ చేసి ఏడవాలన్నా చోటు లేదు. మేడ మీద బట్టలు ఆరేస్తారు, తాళం వేస్తారు. ఉత్తినే రోడ్డు మీద నిలబడితే సెక్యూరిటీ వాళ్లు ఎవరు నువ్వు, ఇక్కడేం పని అంటారు. చేతిలో సిగరెట్టు ఉంటే ఎంతసేపు నిలబడినా ఎవరూ అడగరు.”

స్నేహితుల ఒత్తిడి అని, సినిమా హీరోలని, సరదా అని మనం చెప్పుకునే కారణాలన్నీ ఉన్నాయి, నేను కాదనను. మొదటిదాన్ని చాలామంది పిల్లలు కొనుక్కోరు, గదిలో పెద్దవాడెవడో సగం కాల్చి ఇస్తాడు. నాన్న కాల్చే ఇంట్లో పెరిగినవాడికి అది కొత్తగా కూడా అనిపించదు. కానీ ఆ పిల్లవాడి మాట విన్నాక నాకు ఈ ఊరి పిల్లల విషయంలో అసలు సంగతి అర్థమైంది. వాళ్లకు కాసేపు నిలబడటానికి ఒక చోటు కావాలి, నిలబడ్డందుకు చూపించడానికి ఒక కారణం కావాలి. ఆ రెండూ కలిపి కొద్ది రూపాయలకే అమ్ముతున్నారు.

రెండో సంగతి ఆకలి. పీజీల్లో రాత్రి తొమ్మిదిన్నరకల్లా భోజనాలు ముగుస్తాయి. పిల్లలు ఒంటిగంట దాకా చదువుతారు. పదకొండింటికి కడుపు మండుతుంది. నికోటిన్ ఆకలిని అణుస్తుంది, నిద్రమత్తు తేలిపోయినట్టు చేస్తుంది. పరీక్షల నెలలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ కావడానికి ఇదే కారణమని నా అనుభవం. పీల్చిన పదీ ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. మనిషి మెదడు ఎదుగుదల దాదాపు పాతికేళ్ల వరకు సాగుతూనే ఉంటుంది కాబట్టి ఈ వయసులో అలవాటు చాలా తొందరగా పట్టుకుంటుంది. రోజూ కాల్చకముందే, వారానికి ఒకటో రెండో కాల్చే దశలోనే లేనిదే ఉండలేని స్థితి కొందరిలో కనిపిస్తుందని వైద్యులు చెబుతారు. పరీక్షలయ్యాక మానేస్తానన్న మాటను నేను అందుకే నమ్మను. మన దేశంలో 2019లో చేసిన సర్వేలో పదమూడు నుంచి పదిహేనేళ్ల బడి పిల్లల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఆ వయసు దాటి వస్తారు, కొందరు అలవాటును పెట్టెలో పెట్టుకునే వస్తారు.

ఈ కొట్టు ఆ రెండు అవసరాలనూ తీరుస్తుంది, నా మెచ్చుకోలు అందుకే. బై టూ టీ తీసుకుని గంటసేపు కూర్చున్నా లేవమనరు. చెట్టు కింది బల్ల మీద ఆమె రంగుతో పులిజూదం గీత గీశారు. పదిహేను చింతగింజలు మేకలు, మూడు సీసా మూతలు పులులు. మొదట్లో పిల్లలకు ఆట తెలియదు, ఒక ఆటో డ్రైవరు నేర్పించాడు. ఇప్పుడు మా రాయచోటి పిల్లవాడు పులులతో ఆడితే గెలవడం కష్టం. నేను చూసిన రోజు వాడు ఒక మూతను బొటనవేలితో అటూ ఇటూ తిప్పుతూ, ఎదుటివాడు గింజ కదపడానికి ఎంతసేపు ఆలోచిస్తున్నా మాట్లాడకుండా కూర్చున్నాడు. చేతికి పని ఉంది. వాడిని ఎవరు నువ్వని అడిగేవాళ్లు లేరు.

ఎవరైనా వచ్చి సిగరెట్టు అడిగితే అన్న చెప్పే మాట ఒకటే: “ఇక్కడ లేదు బాబూ, టీ పెట్టమంటావా?” ఉపన్యాసం ఉండదు. పిల్లవాడు తలదించుకుని వెళ్లే పరిస్థితి రాదు. గోడ మీద భయపెట్టే క్యాన్సర్ బొమ్మ కూడా లేదు. అలాంటి బొమ్మలు, హెచ్చరికలు కలిపి ప్యాకెట్టు మీద 85 శాతం మేర 2016 నుంచి ఉన్నాయి, ఒక్కొక్కటిగా కొనుక్కునే పిల్లవాడు ఆ ప్యాకెట్టును చేత్తో పట్టుకోనే పట్టుకోడు.

విడిగా అమ్మకూడదని కర్ణాటకలో ఇప్పుడు చట్టమే ఉంది. 2025లో అమల్లోకి వచ్చిన సవరణతో ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు, విద్యాసంస్థకు 100 మీటర్ల లోపు అమ్మకూడదు, బహిరంగ స్థలంలో కాలిస్తే జరిమానా 1000 రూపాయల దాకా ఉంటుంది, హుక్కా బార్లు పూర్తిగా నిషేధం. ఈ-సిగరెట్లు దేశమంతటా 2019లోనే నిషేధించారు. చాలా మంచి చట్టాలు, నేను రెండు చేతులతో దండం పెడతాను. కానీ మా వీధి చివర ఇంకొక దుకాణంలో ఇప్పటికీ వయసు అడగరు, విడిగా ఇస్తారు. పేటలో ఒక్క దుకాణమైనా మనస్ఫూర్తిగా మానేస్తే పిల్లలకు వెళ్లడానికి ఇంకొక దారి ఉంటుంది, ఈ దంపతులు ఆ దారి తెరిచారు.

కొట్టుకు చేతకానిది కూడా చెప్పాలి. అప్పటికే గట్టిగా అలవాటు పడినవాడు ఇక్కడ టీ తాగి అక్కడికి వెళ్లి కాలుస్తాడు. అలాంటివాళ్లకు నేను పొగాకు మానడానికి సాయం చేసే ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356 ఇస్తున్నాను. ప్యాకెట్ల మీద కూడా అదే ఉంటుంది. హోసూరు రోడ్డులో మనకు దగ్గరగా ఉన్న నిమ్హాన్స్ (మానసిక ఆరోగ్య ఆసుపత్రి) నుంచి కూడా ఆ సేవ నడుస్తుంది, తెలుగులో మాట్లాడతారు. కోరిక పుట్టినప్పుడు కాసేపు వాయిదా వేయడం, నీళ్లు తాగడం, గట్టిగా ఊపిరి తీసుకోవడం, చేతికి వేరే పని పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. ఆ కోరిక కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. మొదటి వారం చిరాకు, నిద్రలేమి ఉంటాయి, ఆ వారం ఇంట్లోవాళ్లు మార్కుల సంగతి ఎత్తకుండా ఉంటే బాగుంటుంది.

లోపాలు. చెట్టు కింది బల్ల దగ్గర దీపం లేదు, చీకటి పడ్డాక పులిజూదం ఫోను వెలుగులో ఆడుతున్నారు. చెయ్యి కడుక్కునే కుళాయి ఒక్కటే, అదీ వెనక. వాన పడితే పంచ అంచు కారుతుంది. ఆదివారం మధ్యాహ్నం తర్వాత మూసేస్తారు, పిల్లలకు ఇంటి మీద బెంగ ఎక్కువయ్యేది సరిగ్గా ఆ సాయంత్రమే. తెరిచి ఉంచమని అడిగాను. వారానికి ఒక్క పూట కొడుకుతో గడపాలి కదమ్మా అన్నారు అన్న, ఇక నేనేమీ అనలేకపోయాను.

రాత్రి ఆకలికి మాత్రం మేము ఒక ఏర్పాటు చేసుకున్నాం. పది గంటలకు కొట్టు మూసే ముందు ఆమె పులిహోర పొట్లాలు కట్టి మా పీజీ కింది గదిలో పెట్టి వెళతారు, పక్కన అరటిపళ్లు. చదువుకునే పిల్లలు కావలసినప్పుడు తీసుకుని అక్కడి పుస్తకంలో పేరు రాస్తారు. నెలాఖరున లెక్క చూసి నేను కడతాను, అద్దెలో విడిగా వేయను. బీటీఎం లేఅవుట్, తావరెకెరె వైపు పీజీలు నడిపే మన తెలుగువాళ్లు ఎవరైనా ఇలాంటిది పెట్టుకోవాలనుకుంటే సాయంత్రం బజ్జీల రద్దీ మొదలవకముందు, నాలుగింటికి వెళ్లి ఆమెతో మాట్లాడండి. ఎన్ని పొట్లాలో ముందురోజే చెప్పాలి, బియ్యం నానబెట్టాలట.